నలుగురూ ఢాలువాళ్ళే

మూడో అంతస్తు కాజాలక్క మొగుడి చావు కోరుకుంటోందని ఆ భవనంలో ఒక పుకారు లేచింది. లేపింది గోడవతల వాటా పిన్ని. ఒక మంగళవారం సాయంత్రం ఆవిడ దుప్పటి మడతపెడుతుంటే, ఇవతల నుంచి కాజాలక్క గొంతు ఖంగుమని వినిపించిందట: "వాడు పోతే పోనీ. ఇంకొకణ్ణి తెచ్చుకుందాం." దుప్పటి పిన్ని చేతిలోనే ఉండిపోయిందట. ఆ మాట రెండో అంతస్తుకు దిగేసరికి ఆ ఇంకొకడెవరో కూడా తేలిపోయింది, దర్జీ కొట్టు యజమాని అని. కిందికి చేరేసరికి వాళ్ళిద్దరికీ ముహూర్తం తప్ప అన్నీ కుదిరిపోయాయి.

కాజాలక్క అసలు పేరుతో అక్కడ ఎవరికీ పనిపడలేదు. దర్జీ కొట్టు నుంచి చొక్కాలు మూటగట్టి తెచ్చుకుని, ఇంట్లోనే కాజాలు కుట్టి, గుండీలు వేసి తిరిగి ఇచ్చేది. ఏ గుండీ ఊడిపోతుందోనని ఆవిడకెప్పుడూ భయమే. మిగతావాళ్ళు నాలుగు పోగులు వేసేచోట ఎనిమిది వేసేది. చొక్కా పీలికలైనా గుండీ మాత్రం అంటుకునే ఉంటుందని కొట్లో నవ్వుకునేవారు.

భర్త లిఫ్టు మెకానిక్. ఒక ఉదయం బూట్లు తొడుక్కుంటూ తొడుక్కుంటూ పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి పోయింది, కుడి కాలు సగం పోయింది, మాట మొత్తం పోయింది. నాలుగు నెలల్లో కాలు మెల్లగా దారికొచ్చింది. మాట రాలేదు. ఎదుటివాళ్ళు చెప్పేదంతా అర్థమయ్యేది. తను చెప్పాల్సింది మాత్రం పెదవి దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయేది.

ఇక లిఫ్టు గుంటలోకి దించలేమని కంపెనీవాళ్ళు అన్నారు. స్పేర్ పార్టుల గదిలో అయితే పెట్టుకుంటారట. కానీ అక్కడ ఫోన్ ఎత్తాలి, అడిగిన సామాను ఉందో లేదో నోటితో చెప్పాలి. అందుకని కంపెనీ డాక్టరు దగ్గరికి పంపారు. డాక్టరు ఆయన్ని పేరడిగితే కాజాలక్క చెప్పేసింది. ఎన్నేళ్ళ సర్వీసంటే చెప్పేసింది. పొద్దున ఏం తిన్నారంటే అదీ ఆవిడే చెప్పింది.

డాక్టరు పెన్ను మూశాడు. "ఉద్యోగం ఆయనకా అమ్మా, మీకా?"

ఆరు వారాలు గడువిచ్చాడు. ఈసారి ఆయన ఒక్కడే లోపలికి రావాలి, మీరు బయట కూర్చోవాలి అన్నాడు. అప్పుడూ నోరు పెగలకపోతే ఇక ఇంటికే.

ఆస్పత్రిలో మాటలు నేర్పే మేడం సోమవారం సోమవారం చూసేది. ఆవిడ కాజాలక్కకు రెండు పనులు అప్పజెప్పింది. ఆయనకు మాట అందించకూడదు, మనసులో ఇరవై దాకా లెక్కపెట్టుకుని ఆగాలి. ఆయన ముక్కో చెక్కో ఏదన్నా అంటే, దాన్ని నిండు మాట చేసి గట్టిగా, స్పష్టంగా ఒక్కసారి తిరిగి అనాలి. ఆ తర్వాత మేడం ఇంకొకటి అడిగింది, "మీ ఆయనకు వేలు పెట్టకుండా ఉండలేనంత ఇష్టం దేనిమీదమ్మా?"

ఇంటికొచ్చేదాకా ఆలోచిస్తే కాజాలక్కకు కంప్యూటర్లో ఆయన ఆడే ఆట గుర్తొచ్చింది. పాడుబడ్డ కోట, దాని కింద నేలమాళిగలు, వాటి నిండా భూతాలు. నలుగురితో ఒక జట్టు కట్టి లోపలికి దిగాలి. డ్యూటీ దిగి వచ్చి స్నానమన్నా చెయ్యకుండా దాని ముందు కూర్చునేవాడు. ఎన్నిసార్లు విసుక్కుందో లెక్కలేదు. ఇప్పుడు తనే దాని మీది దుమ్ము దులిపి, తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సరే, నేనే కడతాను జట్టు అని కూర్చుంది. ఎనిమిదో తరగతితో ఆగిపోయిన ఇంగ్లీషు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ బొమ్మలు చూసింది. ఒకడు పల్చటి అంగీలో ఉన్నాడు, ఈదురుగాలికి పడిపోయేలా. ఇంకొకడి ఒంటిమీద తోలు చొక్కా, నడుముకు చిన్న సంచీ, అంతే. ఒకడు మాత్రం తలనుంచి కాలిదాకా ఇనుము తొడుక్కుని, తలుపంత ఢాలు పట్టుకుని నిలబడ్డాడు. కాజాలక్క ప్రాణం వాడి దగ్గర కుదుటపడింది. వాణ్ణే తీసుకుంది. రెండోవాడూ వాడే, మూడోవాడూ వాడే. నలుగురూ ఢాలువాళ్ళే.

నిజంగానే ఎవరూ చావలేదు. ఎలుకలొచ్చి కొరికాయి, ఇనుము కొరికి కొరికి అవే అలిసిపోయాయి. పాము కాటుకు ఒకడు పచ్చబడ్డాడు. విషం దించే దిక్కు లేక పచ్చగానే నడిచాడు. మూడో గదిలో తాళం వేసిన తలుపొచ్చింది. దాని ముందు నలుగురూ ఢాళ్ళు పట్టుకుని, ఆగిపోయిన లిఫ్టు కోసం ఎదురుచూసే జనంలా నిలబడిపోయారు.

వెనకనుంచి ఒక మూలుగు వినిపించింది. తిరిగి చూస్తే ఆయన మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. ముఖం నిండా చిరాకు. లిఫ్టుకు ఎవరో తప్పు తాడు బిగించినప్పుడు పెట్టే ముఖం అది.

"దెబ్బ తగలకూడదనే కదండీ..." అంటూ మొదలుపెట్టి కాజాలక్క నోరు నొక్కుకుంది. లెక్కపెట్టింది. పదిహేడు దగ్గర ఆయన పెదవులు కదిలాయి.

"తా... ళం."

"తాళం తీసేవాడు కావాలి," అందావిడ గట్టిగా. ఆయన, ఆమాత్రం తెలీదా అన్నట్టు చూశాడు.

జట్టును మళ్ళీ మొదటినుంచి కట్టారు. ఢాలువాడు ఒక్కణ్ణి ఉంచి, తోలు చొక్కావాణ్ణి తాళాలకు పెట్టుకున్నారు. గాయాలు మాన్పే ముసలామెను, నిప్పు విసిరే పల్చటి అంగీవాణ్ణి తెచ్చుకున్నారు. ఒకడి పని ఇంకొకడు చెయ్యలేడు, అదే కాజాలక్కకు మింగుడుపడలేదు. ముసలామె రెండు దెబ్బలకు పోతుంది. అంగీవాడికి ఒకటి చాలు. కాజాలక్క గది గదికీ, ఆటలో జట్టు సేదతీరే సత్రానికి తిరిగి వెళ్దామనేది. ఆయన ఎడమచేత్తో బల్ల మీద కొట్టేవాడు. వేలితో చూపిస్తే ఆవిడ మౌస్ కదిపేది కాదు, మాట కోసం ఆగేది. ఆయన కోపంతో కందిపోయేవాడు. కోపంలోనే "ముం... దుకు" వచ్చింది. "మందు" వచ్చింది. ఒకరోజు ఆవిడ అందరినీ ఢాలు వెనక్కి తోస్తుంటే, "నువ్వూ... ఢాలే," అన్నాడు. అది వేళాకోళమని అర్థమవడానికి ఆవిడకు కాసేపు పట్టింది. తిరిగి అనడం మర్చిపోయింది.

అన్ని రోజులూ అలా లేవు. నాలుగో వారంలో వరసగా అయిదు రోజులు ఒక్క ముక్క రాలేదు. వచ్చిన మాటలూ పోయాయేమోనని ఆవిడ ఆ వారం రెండు చొక్కాలకు కాజాలు ఎడమవైపు కుట్టాల్సింది కుడివైపు కుట్టేసింది.

గడువు రోజు రానే వచ్చింది. మెట్ల దగ్గర ఎదురైన పిన్ని, "మీ ఆయన బాగానే ఉన్నాడా అమ్మాయ్, ఉన్నాడు కదా?" అని ఒక రకంగా అడిగింది. కాజాలక్క తలూపి మెట్లు దిగిపోయింది.

ఆయన లోపలికి వెళ్ళాడు. తలుపు పడింది. వరండాలో బెంచీ అంచున కూర్చుని ఇరవై లెక్కపెట్టింది. మళ్ళీ ఇరవై. లోపల డాక్టరు గొంతు ఏదో అడిగింది. తర్వాత ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం ఆవిడకు తెలుసు, దాని అడుగున మాట కదులుతూ ఉంటుంది. కానీ ఆగాలని డాక్టరుకు తెలుసో లేదో. లేచి నిలబడింది. తలుపు పిడి మీద చెయ్యి వేసింది. ఒక్క మాట అందిస్తే చాలు, దారి దొరుకుతుంది. ఆ ఒక్క మాటతో అంతా పోతుంది కూడా. పిడి చల్లగా తగిలింది. చెయ్యి తీసి మళ్ళీ కూర్చుని, ఒకటి నుంచి మొదలుపెట్టింది.

ఎన్ని ఇరవైలు అయ్యాయో తెలీదు. ఆయన కాగితం పట్టుకుని బయటికొచ్చాడు.

"ఒక... టో తారీకు."

"ఒకటో తారీకు నుంచి స్పేర్ పార్టుల గదిలో పని," అని ఆవిడ వరండా అంతా వినిపించేలా అంది. గుమాస్తాలు తలలెత్తి చూశారు. తర్వాత బెంచీ మీద కూలబడింది. ఆయనే చెయ్యి పట్టుకుని లేపాడు.

పుకారు మాత్రం ఆ భవనంలో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఆ మంగళవారం నేలమాళిగలో కప్పు కూలి ఢాలువాడు చచ్చిపోయాడు. కాజాలక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లెక్కపెడుతోంది. వాడు పోతే పోనీ, ఇంకొకణ్ణి తెచ్చుకుందాం అని ముందుగా అన్నది ఆయన. అయిదు నెలల్లో ఆయన నోట వచ్చిన మొదటి నిండు మాట అది. మేడం చెప్పినట్టు ఆవిడ తిరిగి అంది. ఆయన గొంతుకు గోడ దాటేంత బలం అప్పటికింకా రాలేదు.