రౌటర్‌కు మా ఇంటి ఫ్యాన్

ఇవాళ కూడా అంతే, మా గని ఆఫీసులో హాజరు మిషన్ ఎవరి వేలూ గుర్తుపట్టలేదు. రెండో షిఫ్టు వాళ్లంతా వరుస కట్టారు. హాజరు పడకపోతే ఆ రోజు మస్టర్, అంటే ఆ రోజు కూలి, పోయినట్టే. ఆ మిషన్‌కు ఇంటర్నెట్ అందించే రౌటర్ వేడికి కాలిపోతోందని, నేను వారం నుంచి మా ఇంటి టేబుల్ ఫ్యాన్ తెచ్చి దానికి గాలి పెడుతున్నాను.

రామకృష్ణాపూర్ నుంచి గ్రేస్ అనే ఇంజనీరు వచ్చింది. ల్యాప్‌టాప్ తగిలించి, రౌటర్‌లో నడుస్తున్న ప్రోగ్రామ్‌ల జాబితా చదివింది.

"కాకా, రౌటర్ మీద ఎంత పని పడుతుందో చూడనీకి ఒక ప్రోగ్రామ్ పెట్టిన్రు. అదే ఆగకుండ తిరుగుకుంట దాని బలమంత తింటుంది."

"అంటే గనిల పైకప్పు కూలుతదేమోనని కర్రతోని తట్టి చూసే సర్దార్ పొద్దంత తట్టుకుంటనే ఉంటే, బొగ్గు తీసుడు ఆగినట్టా బిడ్డా?"

"గంతే కాకా. మా నాయిన సర్దారే."

రౌటర్ ఆపకుండా ఆ ఒక్క ప్రోగ్రామ్‌నే ఆపింది. ఒక్కొక్క వేలూ పడింది, వరుస కరిగింది, ఒక్క మస్టర్ కూడా పోలేదు. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను అలా నోరు తెరిచి నిలబడింది లేదు.

మీ ఆఫీసులో కూడా పని కంటే పని చూసుడే ఎక్కువైందా? చెప్పండి. కంటికి కనబడని దాన్ని ఆ పిల్ల ఎట్లా పట్టిందా అని ఇంటికొచ్చి నేనింకా ఆలోచిస్తుంటే, "ఏమయ్యా, మన ఫ్యాన్ తెచ్చినవా లేదా" అని లోపలి నుంచి మా ఆవిడ కేకేసింది.