బావ గొంతు పోయిన కొండ

కొండ నెత్తిన, మిట్టమధ్యాహ్నపు ఎండలో, రేడియో మైకు నోటికి ఆనించుకుని అరుస్తూ అరుస్తూ ఉండగా మా బావ గొంతు ఉన్నట్టుండి పోయింది. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. పొద్దుటి నుంచి లెక్కకు వచ్చేలా ఆయనతో మాట కలిపిన మనిషి ఒక్కడూ లేడు. కలవాల్సింది నలుగురు. పక్కన ఉన్న నాకు లైసెన్సు లేదు, మైకులో నోరు తెరవకూడదు. బావ నా వంక చూశాడు. నేను చూపు తప్పించి, దూరాన మంచుపొరలా పట్టిన దుమ్ములో కాల్హేర్ గోదాముల రేకులను శ్రద్ధగా పరిశీలించాను.

ఇదంతా తలుచుకుంటే ముందుగా గుర్తొచ్చేది, బావ వయసు మనుషులకు ఉండే తీరిక. ప్రతి జేబులోనూ ఫోను ఉంది, ప్రపంచంలో ఎవరితోనైనా మంచం దిగకుండా మాట్లాడవచ్చు. అయినా కొంతమంది పెద్దమనుషులు వెదురుబొంగు, ఏంటెన్నా, బ్యాటరీ మోసుకుని కొండలెక్కి, పక్క ఊరివాడితో ‘నేను వినిపిస్తున్నానా’ అని అడిగి, ‘వినిపిస్తున్నావు’ అనిపించుకుని, మహదానందంగా దిగివస్తారు. దీన్ని హ్యామ్ రేడియో అంటారు. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంటే కాల్‌సైను అనే పేరొకటి ఇస్తారు (తల్లిదండ్రులు పెట్టిన పేరు అక్కడ పనికిరాదు). కొండ గెలిచినట్టు లెక్క కావాలంటే శిఖరం మీద నుంచి నలుగురు వేర్వేరు హ్యాములతో మాట్లాడాలి. ఇద్దరూ ఒకరి కాల్‌సైను ఒకరు పూర్తిగా విని, ఎంత స్పష్టంగా వినిపిస్తోందో చెప్పుకుంటేనే అది మాట్లాడినట్టు. నేను అప్పుడే ఒక తెలుగు దినపత్రికకు ముంబై పక్కనున్న మా భివండి వార్తలు పంపే పనిలో చేరాను. ప్రతిదాన్నీ తేలిక చేసి చూడటమే విలేకరితనం అనుకునే రోజులు కాబట్టి, బావ వెంట కొండెక్కడానికి ఒప్పుకున్నది వార్త కోసం కాదు, నవ్వుకోవడం కోసం.

బావ మా ఊళ్లోని టెంఘర్‌లో ఒక సాంచాల (మరమగ్గాల) కార్ఖానాలో జాబర్. సాంచె మొరాయిస్తే విప్పి దారికి తెచ్చే మనిషి. ఆ పనితో ఊరుకోక రేడియో పట్టుకున్నాడు. రేడియోతోనూ ఊరుకోక, మా తెలుగు చర్చిలో ఆదివారం ఆరాధన చివర సాక్ష్యం చెప్పాడు. మేలు జరిగాక లేచి నిలబడి దేవునికి కృతజ్ఞత చెప్పుకోవడం అందరూ చేసేదే. మా బావ మేలు జరగకముందే లేచాడు. ‘వజ్రేశ్వరి తొవ్వల ఉన్న కొండను ప్రభువు నా చేతికిచ్చిండు. శుక్రవారం ఎక్కుత, వచ్చే ఆదివారం ఇదే తావున నిలబడి జరిగింది చెప్త’ అన్నాడు. సంఘమంతా స్తోత్రం అంది. పాస్టరు గారు ప్రత్యేకంగా ప్రార్థన కూడా చేశారు. ఇంటికొచ్చాక మా అమ్మ అల్లుడితో నేరుగా అనలేక, ఆయన వినేలా నాతో అంది: “మీ బావకు చెప్పురా, జేబుల ఫోను పెట్టుకొని కొండెక్కి డబ్బతోటి మాట్లాడుడు ఏందో. ఓడిపోయొస్తే చర్చిల నా మొకం ఎక్కడ పెట్టుకోవాలె?”

శుక్రవారం సాంచాలు బంద్. తెల్లారే బయలుదేరి కొండెక్కాం. బొంగు నిలబెట్టి, ఏంటెన్నా కట్టి, బావ మొదటి పిలుపు ఇచ్చాడు. పైన గూళ్లలో ఉన్న పక్షులు లేచిపోయాయి. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సాంచాల మధ్య పెరిగిన మావాళ్లకు మాట అంటే అరుపే. కార్ఖానాలో సగం మాట గొంతుతో, సగం చేతులతో నడుస్తుంది. ఇంట్లో ఉప్పు అందుకోమన్నా వీధి చివరి వాడు తల తిప్పుతాడు. రేడియో మైకు అందుకు పుట్టింది కాదు. నోటికి దగ్గర పెట్టుకుని అరిస్తే అవతల గరగర తప్ప ఏమీ మిగలదు. ఠాణే నుంచి ఒక పెద్దాయన (హ్యాముల క్లబ్బులో అందరికీ బుద్ధులు చెప్పే మనిషి, ఆయన గొంతులోనే కుర్చీ కనిపిస్తుంది) హిందీలో, నాయనా, మైకు దూరం పెట్టు, నెమ్మదిగా మాట్లాడు అని పదేపదే చెప్పాడు. బావ వినిపించుకోలేదు.

“సిగ్నల్ తక్కువున్నది బామ్మర్ది. ఇంక జర గట్టిగనాలె.”

“ఆయన నెమ్మదిగనమంటుండు బావా.”

“ఆయన గట్లనే అంటడు. కింద కూసున్నోనికి కొండ మీది సంగతేం తెలుసు?”

అలా పొద్దెక్కేదాకా ఠాణే, కళ్యాణ్, నవీ ముంబైల మీద అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. రాయి మీద కూలబడ్డాడు. మైకు చేతిలోనే ఉంది, బొటనవేలు మాట పంపే బటన్‌ను నొక్కే ఉంది. నాతో గుసగుసగా అన్నాడు: “బామ్మర్ది, ఆదివారం నేను చర్చికి రాను. ఒంట్ల బాగలేదని చెప్పు.”

వేలు తీయగానే రేడియో పలికింది. ఠాణే పెద్దాయన. ఇప్పుడు తేటగా వినిపిస్తోంది, అయితే ఏ భాష అది, దయచేసి కాల్‌సైను చెప్పండి అన్నాడు.

ఆ తర్వాతిదంతా గుసగుసల్లోనే నడిచింది. దొంగతనానికి వచ్చినవాళ్లలా రాయి చాటున కూర్చుని బావ ముగ్గురితో మాట్లాడాడు. పొద్దుటి నుంచి మూటగట్టుకున్న నా వెటకారం ఎటుపోయిందో తెలియదు, రెండోవాడు దొరికేసరికి నేనే బొంగు పట్టుకుని కదలకుండా నిలబడ్డాను. నాలుగో గొంతు చాలా సన్నగా, ఎక్కడి నుంచో వచ్చింది. కాల్‌సైను సగం విన్నాను. బ్యాటరీ చచ్చిపోయింది. బావ అరుపులకే అంతా ఖర్చు పెట్టేశాడు.

మొత్తం విన్నానని బావ, సగమే వచ్చిందని నేను, దిగినంత సేపూ వాదించుకున్నాం. ఆయన వాదన చేతులతోనే సాగింది.

ఆదివారం చర్చికి వచ్చాడు. పాస్టరు గారు పిలిస్తే ముందుకు వెళ్లి నిలబడ్డాడు. గొంతు ఇంకా రాలేదు. సంఘమంతా ఆయన వంకే చూస్తోంది, మా అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ చెయ్యి ఎత్తాడు. మూడు వేళ్లు నిటారుగా చాపి, నాలుగోదాన్ని సగం వంచి పట్టుకున్నాడు. సాంచాల మీద బతికిన సంఘం కాబట్టి చేతి మాట అందరికీ అర్థమైంది. వెనక వరుసలో ఎవరో నవ్వారు, ఆపైన అందరూ స్తోత్రం అన్నారు. అమ్మ ఇంటికొచ్చి, ఎన్నడూ లేనిది, అల్లుడికి తానే అన్నం వడ్డించింది.

చివరికి కొండ సంగతి వార్తగానే రాసి పంపాను, పత్రిక డెస్కులో నాలుగు లైన్లకు కోశారు. తప్పు పట్టను, నేనైనా అంతే కోసేవాణ్ని. ఈమధ్యే నేనూ పరీక్ష రాసి కాల్‌సైను తెచ్చుకున్నాను (నవ్వుకోవడానికి ఎక్కినవాడికి ఇంతకంటే తగిన శాస్తి లేదు). మోకాళ్లు పట్టుకుని కొండెక్కి, పక్క ఊరివాడితో నేను వినిపిస్తున్నానా అని అడిగి, వినిపిస్తున్నావు అనిపించుకుని వస్తున్నాను. ఎదురుపడే కుర్రాళ్లు ఫోన్లలో నన్ను వీడియో తీసుకుంటారు.

ఠాణే పెద్దాయన ఆ రోజుల్లోనే, ఆ నాలుగో గొంతు ఎవరిదని క్లబ్బులో అందరినీ అడిగి చూశాడు. అవతలివాడు ఒప్పుకుంటే లెక్కలో వేస్తానన్నాడు. ఆ శుక్రవారం భివండి కొండ మీది గుసగుస విన్నానని ఇంతవరకు ఎవరూ ముందుకు రాలేదు.