మడతకత్తి క్లిప్పూ, నేను దాచిన కాన్వాసు పట్టీ

మా తమ్ముడు మడతకత్తులు చేస్తాడు. నలభై ఏళ్ళుగా వాడికి ఇంకో పని తెలియదు. అందరూ వాణ్ణి ‘మడతాయన’ అంటారు. సొంత చొక్కా మడవడం చేతకాని మనిషికి ఆ పేరెలా వచ్చిందో అని వాడి భార్య, అంటే మా మరదలు, ఇప్పటికీ నవ్వుతుంది.

వాడి షెడ్డుకూ నా కుట్టుగదికీ మధ్య ఒక్కటే గోడ. అటు వాడు ఇనుము అరగదీస్తుంటే ఇటు నా గోడ మీద అద్దం వణుకుతుంది. అద్దం వణకని రోజున వాడికి ఒంట్లో బాగాలేదని అర్థం. నేను చదివింది మూడో తరగతే. అయినా టేపు పట్టుకుంటే గీత తప్పను. నేను కుట్టిన జేబు చిరిగిందని ఇంతవరకూ నా గుమ్మం తొక్కినవాళ్ళు లేరు. ఈ మాట ముందే చెప్పి పెట్టుకుంటున్నాను, తరవాత నాకే అవసరం పడుతుంది.

మా నాన్న గొడుగులూ తాళాలూ బాగుచేసేవాడు. పారేసిన గొడుగు ఊచలతోనే తమ్ముడి ఆటంతా. ఏడేళ్ళప్పుడు ఒక ఊచను గచ్చు మీద అరగదీసి చాకు చేసి, నిద్రపోతున్న నా జడ రిబ్బను కోశాడు. కోసినవాడు పారిపోవాలా? పోలేదు. నన్నే లేపి, “అక్కా, ఎంత నున్నగా తెగిందో చూడు” అన్నాడు. వీపు మీద రెండు వేశాను. కానీ నిజం చెప్పొద్దూ, నున్నగానే తెగింది.

పెద్దయ్యాక మాటలు తగ్గాయి, మొండితనం పెరిగింది. ఒక కత్తి తయారైతే చెవి దగ్గర పెట్టుకుని రెండువందల సార్లు తెరుస్తాడు, మూస్తాడు. ఆ ‘టక్’లో తేడా వినబడితే మళ్ళీ ఊడదీస్తాడు. “కత్తి చెప్పేది వింటాడు గానీ నేను చెప్పేది వినడు వదినా” అని మరదలు నా దగ్గర మొత్తుకుంటుంది. “కత్తి ఒక్క మాటే చెబుతుందమ్మా, నువ్వు వంద చెబుతావు” అంటాను నేను.

అలాంటివాడికి రెండేళ్ళుగా పని పలచబడింది. జనం బజారులో మెరిసేవి కొనుక్కుంటున్నారు. వాడి అల్లుడికి ఇనుప సామాన్ల కొట్టుంది. “మామయ్యా, మా కొట్లో కూర్చుని మేకులు తూకం వెయ్యండి, కాలక్షేపంగా ఉంటుంది” అన్నాడు. మంచిమాటే. కానీ కత్తి పిడికి తొమ్మిదిసార్లు గీత గీసి చెరిపే మనిషిని మేకులు తూచమనడం వాడికి ఎక్కడ గుచ్చుకుందో నాకు తెలుసు. “వానలు మొదలయ్యేలోపు పెద్ద పని తగలకపోతే షెడ్డు మూసేస్తా” అని అందరి ముందూ అనేశాడు. వాడు అంటే అన్నట్టే.

అప్పుడొచ్చాడు కరెంటు స్తంభాలెక్కేవాళ్ళ ఫోర్‌మన్. యాభై కత్తులు కావాలన్నాడు. అయితే ఒక మెలిక పెట్టాడు.

“జేబుకి తగిలించుకునే క్లిప్పు ఉండాలండీ. పైన మావాళ్ళు ఒక చేత్తో స్తంభం పట్టుకుంటారు, రెండో చేతికి గ్లవుజు. కత్తి జారకూడదు, లాగితే మాత్రం రావాలి. రోజంతా పట్టుకున్నా అరచేతిని కొరకకూడదు.”

“ఇంకేమైనా పాట కూడా పాడాలా?” అని గోడ ఇవతలి నుంచి అన్నాను. ఫోర్‌మన్ ఉలిక్కిపడ్డాడు. తమ్ముడు మాత్రం అప్పటికే పెన్సిలు చెవి మీంచి తీశాడు.

మొదట చేసిన క్లిప్పు తిన్నని రేకు. అది బిగించిన కత్తితో అరగంట తాడు కోసి, ఎర్రగా కందిన అరచెయ్యి తెచ్చి నాకు చూపించాడు. మర్నాడు మరదలి పూలకుండీలోంచి తడిమట్టి తీసి పిడికి మెత్తి, గట్టిగా పట్టుకుని వదిలాడు. వేళ్ళు ఎక్కడ దిగాయో, అరచెయ్యి ఎక్కడ తగల్లేదో ఆ మట్టే చెప్పింది. బొటనవేలి దిబ్బకూ వేళ్ళ మొదళ్ళకూ మధ్య సన్నని పల్లం. క్లిప్పును సరిగ్గా ఆ పల్లంలో పడుకోబెట్టాడు. అంచులు గుండ్రంగా అరగదీసి నా పట్టుగుడ్డ ముక్క మీద రుద్దాడు. ఒక్క పోగు లేచినా మళ్ళీ ఆకురాయి పట్టేవాడు. ఏడోసారికి పోగు లేవలేదు.

ఇక జేబు మీద పట్టు. క్లిప్పును తన జేబుకి తగిలించుకుని, అరవై రెండేళ్ళ మనిషి, పెరట్లో కప్పలా గెంతాడు. నిచ్చెనెక్కాడు. పైమెట్టు మీంచి తలకిందులుగా వంగాడు. “దిగవయ్యా, చూసేవాళ్ళేమనుకుంటారు!” అని మరదలు కొంగు నోట్లో కుక్కుకుంది. కత్తి కదిలితే ఒట్టు. ఉడుంపట్టు. పది కత్తులకు అవే క్లిప్పులు బిగించి, వాడి చూడమని ఫోర్‌మన్‌కిచ్చాడు.

ఆరోరోజు ఫోర్‌మన్ ఆ పదీ సంచిలో వేసుకుని తిరిగొచ్చాడు.

“కత్తులు బ్రహ్మాండమండీ. చేతికి హాయిగా ఉన్నాయి. జేబులో నిలిస్తేగా! నాలుగు కిందపడ్డాయి. ఒకటి నా బండి లైటు మీదే పడింది.”

“పడవు” అన్నాడు తమ్ముడు.

“పడ్డాయంటుంటే!”

“నావి పడవు.”

తమ్ముడు తన జేబుకి తగిలించుకుని నాలుగు గెంతులు గెంతాడు. పడలేదు. “మీవాళ్ళకి పెట్టుకోవడం రాదు.”

“జేబులో పెట్టుకోవడానికి కూడా ట్రైనింగు ఇప్పించమంటారా?” అని ఫోర్‌మన్ అదే కత్తి తీసుకుని తన జేబుకి తగిలించి ఒక్కసారి వంగాడు. గచ్చు మీద ఠంగుమంది. మా తమ్ముడి మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

నేను ఊరుకోలేక షెడ్డులోకి వెళ్ళి ఫోర్‌మన్ జేబు అంచు రెండు వేళ్ళతో పట్టుకున్నాను.

“అమ్మా, ఏంటిది?” అన్నాడాయన, వెనక్కి జరుగుతూ.

“కదలకు బాబూ. నీ జేబులో ఉన్నవి నాకక్కర్లేదు.”

ఉల్లిపొరలాంటి గుడ్డ. అప్పుడే నాకు సంగతి తెలిసిపోయింది. తెలిసినా, పైకి “రెడీమేడు. గుడ్డ పలచన” అని మాత్రం అని, కుక్కిన పేనులా నా గదిలోకి వచ్చేశాను. ఫోర్‌మన్ సోమవారం దాకా గడువిచ్చి వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం తమ్ముడు క్లిప్పులను నొక్కి బిగించాడు. ఈసారి కత్తి పడలేదు, లాగితే అల్లుడి రెడీమేడు ప్యాంటు జేబే ఊడొచ్చింది. సాయంత్రం నా గుమ్మంలో నిలబడ్డాడు.

“అక్కా, పాతగుడ్డలుంటే ఇవ్వు. ఆకురాళ్ళకి నూనె రాసి చుట్టి పెట్టెయ్యాలి.”

షెడ్డు మూసేవాడు మాత్రమే ఆకురాళ్ళు చుడతాడు. నా చేతిలో సూది ఆగిపోయింది.

“గుడ్డల్లేవు. నీ ప్యాంటు విప్పివ్వు.”

“ఏంటీ?”

“తువ్వాలు చుట్టుకుని ప్యాంటివ్వరా. చిన్నప్పుడు నీకు చెడ్డీలు తొడిగినదాన్ని, నా దగ్గర సిగ్గేంటి!”

దాని జేబు అంచు విప్పి లోపలున్నది బల్ల మీద పరిచాను. మూడు వేళ్ళ వెడల్పున కాన్వాసు పట్టీ, రెండు మడతలు. ఆకురాళ్ళు జేబులో పెట్టుకుని నెలకొక ప్యాంటు చింపుకునేవాడు వీడు. నా కుట్టు చిరిగిందని ఎవరైనా అంటే నా పరువేం కావాలి? అందుకని వాడికి కుట్టే ప్రతి ప్యాంటులోనూ ఆ పట్టీ వేశాను. వాడు పెరట్లో గెంతి చూసుకుందంతా ఆ పట్టీ మీదే. ఆ మందానికే సరిపోయే సందు పెట్టి క్లిప్పు వంచాడు. లోకంలో అలాంటి జేబు వాడికి తప్ప ఇంకెవరికుంటుంది?

“ఎన్నేళ్ళ నుంచి?” అన్నాడు.

“పద్దెనిమిది.”

“చెప్పలేదే?”

“చెబితే ఇంకా బరువైనవి పెడతావని.”

తువ్వాలుతోనే కుర్చీలో కూలబడి నవ్వాడు. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తప్పు నాదని నా నోటితో నేను ఒప్పుకోవడం అదే మొదలు మరి.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం రెడీమేడు బట్టల కొట్టుకి వెళ్ళాం. ఆ గడప నేనెప్పుడూ తొక్కలేదు, తొక్కనని కూడా అనేదాన్ని.

“ఏ సైజు చూపించమంటారమ్మా?” అన్నాడు కొట్టాయన.

“సైజుతో పని లేదు. జేబులు చూపించు.”

హాంగర్లకు వేలాడుతున్న ప్యాంట్లన్నిటి జేబులూ వేళ్ళతో నలిపి చూస్తూ వెళ్ళాను. తమ్ముడు వెనకే మూసిన కత్తి తగిలిస్తూ, తీస్తూ వచ్చాడు. కొట్టాయన కళ్ళు తేలేశాడు. “బాబాయ్‌గారూ, ఆ కత్తి... గొడవేం లేదు కదా?”

“గొడవ నీ జేబులతోనే” అన్నాను. “ఇంత పీల కుట్టా? బిడ్డ లాగితే ఊడొస్తుంది.”

తిడుతూనే ఒకటి గమనించాను. గుడ్డ ఎంత పలచనైనా, అన్నిటికీ జేబు అంచు దగ్గర మడత ఉంది. వేలు వెడల్పున అక్కడ మందం, దాని కింద ఒంటిపొర. తమ్ముడి క్లిప్పులో గుడ్డను నొక్కే పొంగు ఆ మందం మీదే కూర్చుంటోంది. అందుకే జారుతోంది.

“ఒరేయ్, ఆ పొంగును అంచు దాటించి కింద కూర్చోబెట్టు. పైకి జారబోతే అంచు మడతే దానికి గడపలా అడ్డం పడుతుంది. అప్పుడు అంత గట్టిగా నొక్కక్కర్లేదు.”

తమ్ముడు నావైపు చూశాడు. వాడు అలా చూసేది ‘టక్’ సరిగ్గా వినబడ్డప్పుడే. “టేపివ్వు” అన్నాడు. ఆ తరవాత కొట్టాయనే బీరువాలు తీసి ఒక్కో ప్యాంటూ మా ముందు పరిచాడు. పలచనివీ మందమైనవీ కలిపి మూడు కొన్నాం. సంచి మాత్రం వాడినే మొయ్యమన్నాను. నన్నెవరైనా ఆ సంచితో చూస్తే ఇంకేమైనా ఉందా!

స్ప్రింగు రేకును ఎర్రగా కాల్చి వంచి, నూనెలో ముంచి, మళ్ళీ నీలిరంగు తిరిగేదాకా సన్నగా కాచాడు. పొంగు కిందికి దిగింది. కొసను కొంచెం పైకి లేపాడు, గ్లవుజు వేలితో తోసినా గుడ్డ సులువుగా దూరడానికి. రెండు రోజులూ నా అద్దం వణుకుతూనే ఉంది.

సోమవారం ఫోర్‌మన్ వచ్చాడు. తమ్ముడు కత్తిని ఆయన జేబుకే తగిలించి నిచ్చెన చూపించాడు. ఆయన ఎక్కాడు, వంగాడు, నిచ్చెననే ఊపాడు. కత్తి ఉంది. గ్లవుజు తొడుక్కుని లాగాడు. వచ్చింది. మళ్ళీ పెట్టాడు. నిలిచింది. కిందికి దిగి అరగంట తాడు కోశాడు.

“ఏదీ, అరచెయ్యి చూపించు” అన్నాను. మచ్చ లేదు.

“యాభైకీ ఇదే పెట్టెయ్యండి” అన్నాడు ఫోర్‌మన్. “సరే గానీ, నా బండి లైటు సంగతేంటి?”

“అది పాత క్లిప్పు చేసిన పని. దాన్నే అడగండి” అన్నాడు మా తమ్ముడు. వాడు బయటివాళ్ళతో పరాచికాలాడటం మరదలు అదే మొదటిసారి వినడం. చేతిలో టీ గ్లాసు ఒలికిపోయింది.

మేకుల తూకం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అల్లుడు కూడా ఒక కత్తి చేయించుకున్నాడు. తమ్ముడు తన ప్యాంట్లన్నీ మూటగట్టి తెచ్చి నా బల్ల మీద పడేశాడు. “పట్టీలు పీకెయ్యి అక్కా. జనం జేబెలా ఉంటే నా జేబూ అలాగే ఉండాలి.” మూతి ముడుచుకుని అన్నీ విప్పాను.

పది రోజులైనా తిరక్కుండానే మళ్ళీ వచ్చాడు. ఆకురాయి పెట్టుకున్న జేబు అడ్డంగా చిరిగి వేలాడుతోంది. మొహం పక్కకి తిప్పుకుని నిలబడ్డాడు. నేను కాన్వాసు తీశాను. ఈసారి మాత్రం కుట్టేముందు ఎన్ని పొరలు వేస్తున్నానో వాడి చేతే లెక్కపెట్టించాను.