వెనక వరసలో ఆంటీ

మొన్న గురువారం స్కూల్ నుంచి వచ్చేసరికి అమ్మ ఫోన్ పక్కనే కూర్చుని ఉంది. "ఆంటీ పోయారే," అంది. పొద్దున హాస్పిటల్‌లో నర్సు డ్యూటీ దిగి కార్ దాకా నడిచారట. అక్కడే గుండె ఆగిందట.

అమెరికాలో, ఎడిసన్ ఊళ్ళో మా తెలుగు చర్చి పిల్లలందరికీ ఆమె ఆంటీయే. నాకు మాత్రం తెలుగు మాటల రుచి చూపించిన మనిషి.

నాకు ఆరేళ్ళప్పుడు ఈ దేశం వచ్చాను. ఒకసారి చర్చిలో వాక్యం చదివితే నా పలుకుకి పిల్లలు నవ్వారు. అప్పటినుంచి నలుగురిలో తెలుగు మాట్లాడడం మానేశాను. ఆదివారాలు ఆంటీ కార్‌లోనే చర్చికి వెళ్ళేదాన్ని. నిరుడు రేడియోలో ఎప్పుడు పెట్టినా ఒకటే పాట, ఒక పాప్ గ్రూప్ తమ అభిమానుల కోసం పాడింది. దాన్ని క్యాసెట్‌లో రికార్డ్ చేసుకుని ఆమె కార్‌లో పెట్టేదాన్ని.

"ఏంటే వీళ్ళ గోల?" అన్నారు ఆంటీ.

"ఫ్యాన్స్‌కి థాంక్స్ చెప్తున్నారు, ఆంటీ."

"తెలుగులో చెప్పు."

"నాకు రాదు."

"నాకేమో ఆ పాటలో ఒక్క ముక్క అర్థం కాదు. సరిపోయాం. ఊఁ, చెప్పు."

అలా వారానికో లైన్ తెలుగులోకి మార్చాం. రెడ్ లైట్ దగ్గర ఆగినప్పుడల్లా స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేసి చూసేవారు. "ఈ మాట మరీ బరువే, దించెయ్," అనేవారు. నేను ఇంటికెళ్ళి నోట్‌బుక్‌లో ఇంకో మూడు మాటలు వెతికేదాన్ని.

క్రిస్మస్ ప్రోగ్రామ్‌లో దాన్ని నాచేత చదివించారు. తను వెనక వరసలో వాళ్ళాయన, అంకుల్ పక్కన కూర్చుని, నా గొంతు తగ్గినప్పుడల్లా చెవి వెనక చెయ్యి పెట్టారు. "నీవు లేనిదే మా పాట లేదు" అనగానే పాస్టర్ గారు భక్తిగీతం అనుకుని గట్టిగా "ఆమేన్" అన్నారు. హాలంతా అంది. ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

కార్ ఎక్కాక ఒకటే నవ్వు. "పాప్ పాటకి ఆమేన్ చెప్పించావు కదే, గడుగ్గాయ్!"

"పాస్టర్ గారికి నిజం చెప్పేద్దామా, ఆంటీ?"

"ఎందుకూ? బాగుందనేగా అన్నారు. అప్పుడు నవ్వినోళ్ళు కూడా అన్నారు, విన్నావా?"

చివరి లైన్ కుదరక ఆ రోజు వదిలేశాం. తర్వాత ఎన్ని రకాలుగా రాసినా ఆమెకు నచ్చలేదు. "వచ్చే ఆదివారం చూద్దాంలే," అన్నారు పోయినవారం.

ఆ ఆదివారం నిన్న. ఆమె జ్ఞాపకార్థ కూడికలో అదే పాట చదివాను. రెండు రోజులు కూర్చుని చివరి లైన్ పూర్తి చేశాను: "నీ పేరు తెలియకున్నా నీ గొంతు గుర్తుపడతాం." అక్కడికి వచ్చేసరికి నా గొంతు తగ్గిపోయింది.

తలెత్తి చూశాను. వెనక వరసలో ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. చర్చిలో ఎవరితోనూ రెండు మాటలైనా మాట్లాడని అంకుల్, ఆ కుర్చీ పక్కన కూర్చుని, మెల్లగా చెయ్యెత్తి చెవి వెనక పెట్టుకున్నారు.