అద్దాల డబ్బాలోని గుడ్డ

ఆ రెండు నెలలు నేను ఒక్కచోట కుదురుగా కూర్చున్నది లేదు. పొద్దున్నే లాప్‌టాప్ తెరవడం, తెర మసగ్గా కనపడటం, తిట్టుకుంటూ లేచి గుడ్డ వెతకడం. శంషాబాద్‌లో మా కిరాయి ఇంటి చుట్టూ ఎప్పుడూ ఏదో ఒకటి కడుతూనే ఉంటారు. కిటికీలు మూసినా దుమ్ము ఆగదు. తప్పంతా దుమ్ముదేనని తేల్చేశాను.

ఎయిర్‌పోర్టు నుంచి సరుకు పంపే ఒక చిన్న ఏజెంటు దగ్గర నా ఉద్యోగం. పెట్టెల బిల్లు నంబర్లు ఇంట్లోనే కూర్చుని ఆఫీసు లాప్‌టాప్‌లో ఎక్కించాలి. ఒక్క అంకె తప్పితే మందుల పెట్టె వేరే ఊరికి పోతుంది. అప్పటికే రెండుసార్లు పోయింది. మూడోసారి పోతే ఇంకొకరిని చూసుకుంటానని మా మేనేజరు ముఖం మీదే చెప్పాడు. నలభై ఆరేళ్లకు కొత్తగా నన్నెవరు తీసుకుంటారు? భయం వేసింది. భయపడిన కొద్దీ తుడిచాను.

మొదట చొక్కా అంచుతో, తర్వాత పాత పేపరుతో. అప్పటికీ పోకపోతే కిటికీ అద్దాలకు కొట్టే నీలం మందు నేరుగా తెర మీదే కొట్టాను. అది కారి కింది అంచులోకి దిగి, మూలన నల్లటి మచ్చ లేచింది. బస్టాండు దగ్గరి రిపేరు షాపుకు పరుగెత్తాను. షాపాయన ఆ మచ్చ చూసి తల పట్టుకున్నాడు.

"గిట్ల కొడతరా అన్నా? జర సబర్ చెయ్యాలె, ఓపిక ఉండాలె. ముందుగాల బంద్ చెయ్, చార్జర్ పీకు, సల్లారనియ్. మెత్తటి గుడ్డతోని పైపైన తుడువు. జిడ్డు పోకుంటే గుడ్డకు రెండు చుక్కల నీళ్లు, తెరకు కాదు. గట్టిగ రుద్దకు."

"మెత్తటి గుడ్డ యాడ దొరుకుతది?"

"కళ్లద్దాల డబ్బాల ఉంటది సూడు, గదే."

మా ఆవిడ బట్టలు కుడుతుంది. సూదిలో దారం ఎక్కడం లేదని నిరుడే అద్దాలు చేయించుకుంది. ఇక రోజూ ఆమె డబ్బా తెరవడం, అద్దాలు తీసి కుట్టుమిషను మీద పడేయడం, గుడ్డ పట్టుకుపోవడం నా పనైంది.

"నువ్వు కండ్లు సూపిచ్చుకోరాదు?" అంది ఒకరోజు.

నాకు మండింది. ఆమెను డాబా మీదికి లాక్కుపోయి, దిగుతున్న విమానం రెక్క కింది అక్షరాలు ఒక్కొక్కటే చదివి వినిపించాను. "ఇగ చెప్పు, ఎవరి కండ్లు మంచిగ లేవు?" అన్నాను. ఆమె కుట్టుపని ఉందని కిందికి దిగింది.

రుద్దొద్దని షాపాయన చెప్పాడు గానీ, అంత ఓపికే ఉంటే ఇంకేం? బొటనవేలితో అదిమి మరీ రుద్దాను. బంద్ చేసి చూస్తే తెర మీద ఒక్క మరక లేదు. వెలిగిస్తే మళ్లీ అదే మసక. చివరికి మేనేజరుకు ఫోను చేసి, ఈ డొక్కు లాప్‌టాప్ మార్చకపోతే తప్పులకు పూచీ నాది కాదని అరిచాను.

"రేపు కొత్తది పంపిస్తాను. ఆ తర్వాత సాకులు చెప్పకండి," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే, కూర్చోలేక లేవలేక, మళ్లీ డబ్బా తెరిచాను. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"గుడ్డ ఆడ పెట్టు. గివి పెట్టుకో ఒక్కపారి."

ఆమె నోరు మూయించడానికే ఆ అద్దాలు పెట్టుకున్నాను. మూడు మూడులా, ఎనిమిది ఎనిమిదిలా కనపడ్డాయి. తెర నడుమ నేను రుద్దిన చోట సన్నటి గీతలూ కనపడ్డాయి. అన్నీ నేను చేసినవే. నిన్నటి అరుపు గుర్తొచ్చి సిగ్గేసింది.

నిన్నటి లిస్టు తెరిచాను. నాలుగో వరుసలో ఎనిమిది ఉండాల్సిన చోట మూడుంది. ఇది మూడో తప్పు. అయినా ఫోను కలిపాను.

"సార్, కొత్తది పంపకున్రి. తెర మంచిగనే ఉండె, నేనే ఖరాబు చేసిన. నా కండ్లే మంచిగ లేవు. నిన్న ఇంకో తప్పు పోయింది సార్. నాలుగో పెట్టె."

మేనేజరు ఫోను పక్కన పెట్టాడు. ఎవరినో కేకేసి అడుగుతున్నాడు.

"ఇంకా గోదాంలోనే ఉందట. ముందు కళ్లు చూపించుకోండి. వారం లిస్టులన్నీ మళ్లీ చూసి సాయంత్రానికి పంపండి."

ఫోను పెట్టేసరికి మా ఆవిడ ఎదురుగా నిలబడి ఉంది, ఒక చేతిలో సూది, ఒక చేతిలో దారం.

"అద్దాలు నీకు కావాల్నా? అయితే దారం నువ్వే ఎక్కియ్యి."