ఎండిపోని పేస్టు

కంప్యూటరు మొదటిసారి ఆగిపోయినప్పుడు కరెంటు పోయిందనుకున్నాడు ధనరాజు. కానీ పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. తెర మీద తలంబ్రాల దాకా వచ్చిన పెళ్లి ఒక్కసారిగా నల్లబడిపోయింది.

"ఏడెక్కిపోయి దానంతటదే ఆగిపోయింది బావా," అంది యామిని, పెట్టె మీద అరచెయ్యి ఆనించి. "లోపల పేస్టు ఎండిపోయినట్టుంది."

పెళ్లికి ముందు యామిని పలాసలో ఒక స్టూడియోలో వీడియోలు మిక్సింగ్ చేసేది. ధనరాజుని చేసుకుని వజ్రపుకొత్తూరు అవతలి తీరానికి వచ్చాక కూడా రోజూ బస్సెక్కి వెళ్లివచ్చేది. ఆ తీరంలో చాలా ఇళ్లలో ఉన్న కిడ్నీ జబ్బు ఆమెకీ వచ్చింది. ప్రయాణాలు మానేసి ఇంట్లోనే పని చేసుకుంటానంటే స్టూడియో యజమాని ఒప్పుకున్నాడు. టెక్కలిలో మూతపడిన మరో స్టూడియో నుంచి ఈ పాత కంప్యూటరు కొన్నారు. నీళ్లతో చల్లబడే రకం. లోపల రెండు రబ్బరు గొట్టాలు, చిన్న పంపు ఉంటాయి. నీళ్లున్న కంప్యూటరట అని చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి చూసి వెళ్లారు.

వారంలో సగం రోజులు పలాసలో డయాలసిస్‌కే పోయేవి. తోడు ధనరాజే వెళ్లాలి. అతని కోసం ఏ తెప్పా ఆగదు కదా. అలా చేపల వేట మెల్లగా తప్పిపోయింది. ఖాళీగా కూర్చున్న మనిషికి తన పని నేర్పడం మొదలుపెట్టింది యామిని. వల తాళ్లు లాగి కాయలు కాసిన ఆ చేతుల్లో మౌసు నిలిచేది కాదు. ఒకచోట నొక్కబోయి మరోచోట నొక్కేవాడు. ఆమె విసుక్కునేది కాదు. అదే అతనికి భయంగా ఉండేది.

"నీళ్లతో సల్లబడుద్ది కదేటి, మళ్లీ పేస్టెందుకు?" అని అడిగాడు.

"నీళ్లు మోసేది పైనున్న రాగి పలక. కింద ఏడెక్కే సిప్పుంది. రెండూ అతుక్కున్నట్టే ఉంటాయి గానీ మజ్జిన కంటికి కనబడని సందులుంటాయి. వాటిల్లో గాలుంటే ఏడి పైకి రాదు."

"తెప్ప పగుళ్లకి లప్పం పెట్టినట్టు."

"అదే. జీవరత్నం కొట్టుకెళ్లి, ఎండిపోకుండా ఎక్కువ కాలం ఉండే పేస్టు అడుగు. సల్లదనం కాస్త తగ్గినా పరవానేదు."

జీవరత్నానిది పలాసలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. అతను సూదిమందు గొట్టాల్లాంటివి మూడు బల్ల మీద పెట్టాడు. తెల్లది చవక, ఒక వేసవికి ఎండిపోతుంది. బూడిదరంగుది ఏళ్ల తరబడి ఉంటుంది. మూడోది ద్రవంలా ఉండే లోహం, పాదరసంలా మెరుస్తోంది.

"వేడి దీనంత బాగా ఏదీ లాగదు," అన్నాడు జీవరత్నం. "కాకపోతే కొత్తవాళ్లు ముట్టుకోకూడదు. చుక్క జారి బోర్డు మీద పడితే బోర్డు పోద్ది."

యామిని కొత్తదా? ధనరాజు చూపు ఆ మెరుపు మీదే ఉండిపోయింది. మూడేళ్లుగా అన్నం కొలిచి, ఉప్పు కొలిచి, ఆఖరికి మంచినీళ్లు కూడా కొలిచి ఇచ్చాడు ఆమెకి. ఈ ఒక్కటైనా కొలత లేకుండా ఇద్దామనిపించింది. మెరిసేదే కొన్నాడు.

ఇంటికొచ్చి చేతిలో పెడితే యామిని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏటి బావా, నానేటి సెప్పినాను?"

"అన్నిటికన్నా మంచిదంట."

"నా సేతులు సూడు, వణుకుతన్నాయి. సుక్క జారితే అంతే సంగతి."

"నాను పెడతాను."

"ఇప్పుడు పెడతావు, పక్కన నానున్నాను. మళ్లీ పలక ఇప్పాల్సొత్తే? అప్పుడెవల్ని అడుగుతావు?"

ఎండిపోనిది ఎందుకు కావాలందో అప్పటికి గాని అతనికి అర్థం కాలేదు. కోపం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

"నోరు ముయ్! ఎప్పుడూ అదే మాటేటి?" అని అరిచి బయటికి పోయాడు.

ఒడ్డున తెప్పల నీడలో వల బాగుచేసుకుంటున్న చిన్నాన్న అసిరయ్య, అతని ముఖం చూసి పక్కన చోటిచ్చాడు.

మళ్లీ డయాలసిస్‌కి వెళ్లినప్పుడు ఆ గొట్టం తిరిగి ఇచ్చేసి బూడిదరంగుది తెచ్చాడు. ఆ మధ్యాహ్నం యామిని గోడకి తలగడ ఆనించుకుని కూర్చుంది. ధనరాజు మరలు విప్పి రాగి పలక పైకి తీశాడు. ఎండిన సున్నంలా పాత పేస్టు రాలింది. దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచాడు. బఠాణీ గింజంత పెట్టమంటే ఉసిరికాయంత పెట్టాడు.

"తుడిసీ. మళ్లీ పెట్టు."

పెట్టాడు. ఈసారి సరిపోయింది. పలక బిగించబోతుంటే ఆపింది.

"అదీ తుడిసీ."

"బాగానే ఉంది కదే!"

"నాను సెప్పకుండా పెట్టు."

ఆమె కళ్లు మూసుకుంది. అతను ముక్కు ఎగబీలుస్తూ తుడిచి, మళ్లీ పెట్టి, బిగించాడు. కంప్యూటరు ఆన్ చెయ్యగానే వేడి చూపించే అంకె మెల్లగా పెరిగి, ఎక్కువ పోకుండా ఒకచోట నిలిచింది. "సాలు," అంది యామిని.

వానలు వెనకబట్టాక ఆమెకి జ్వరం పట్టుకుంది. శ్రీకాకుళం తీసుకువెళ్లారు. అక్కడినుంచి ఆమె మళ్లీ ఇంటికి నడిచి రాలేదు.

కర్మకాండలయ్యాక స్టూడియో యజమాని ఫోను చేసి, చెయ్యలేకపోతే పని వెనక్కి ఇచ్చెయ్యమన్నాడు. చేస్తానన్నాడు ధనరాజు. నిమ్మాడ పెళ్లి ఒకటి సగంలో ఉంది. అతను పూర్తి చేసి పంపిస్తే రెండుసార్లు తిప్పి పంపారు, మూడోసారి ఉంచుకున్నారు. ఆ తర్వాత పుట్టినరోజులు, రజస్వల ఫంక్షన్లు, మళ్లీ పెళ్లిళ్లు వచ్చాయి. ఆమె చేసినంత బాగా ఎప్పుడూ రాలేదు. కానీ పని ఆగలేదు.

కొన్నిసార్లు పెట్టె మీద చెయ్యి వేసి చూసేవాడు. ఒక్కసారి వేడెక్కి ఆగిపోతే బాగుండుననిపించేది. ఇక నా వల్ల కాదని చెప్పి సముద్రానికి పోవచ్చు. అది ఆగేది కాదు. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసేది.

ఒకరోజు పొద్దున్నే అసిరయ్య గుమ్మంలోకి వచ్చాడు. "తెప్ప మీద ఒక మనిషి తక్కువున్నాడు. ఏటకొత్తావేట్రా?"

"కోటబొమ్మాళి పెళ్లి శుక్రవారానికల్లా ఇచ్చీయాలి సిన్నాన్నా."

అసిరయ్య వంగి తెర వైపు చూశాడు. అప్పగింతల దగ్గర పెళ్లికూతురి తండ్రి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు.

"ఎవల్రా ఈలు?"

"నాకు తెల్దు."

అసిరయ్య ఒడ్డు వైపు వెళ్లిపోయాడు. ఆ ఏడుపు మరీ సాగిందనిపించి, ధనరాజు మధ్యలో కత్తిరించి, కారు కదిలిన దృశ్యాన్ని దానికి అతికించాడు.