రెండున్నర శ్రుతిలో ఆడగొంతు

నా గొంతు ఎప్పుడూ పాడవలేదు. మా ఇంట్లోవాళ్లే దాన్ని జబ్బనుకున్నారు. నిన్న మనవరాలి కోసం వసకొమ్ము అరగదీస్తుంటే, ఆ ఘాటుకు నా నాలుక మళ్లీ మొద్దుబారినట్టయింది. మీ ఇళ్లలోనూ ఉండేవి కదూ, ఆ సానరాయి, ఆ తేనెసీసా, "మింగు, గొంతు సన్నబడతాది" అనే అమ్మ?

అరవైల చివర్లో విజయనగరంలో బీఏ చదువుతూ సంగీతం నేర్చుకునేదాన్ని. ఆడపిల్లలు హెచ్చుగా అయిదు శ్రుతిలో పాడాలి, మగపిల్లలు తగ్గించి రెండున్నరలో పాడాలి. అయిదులో పై స్థాయికి వెళ్లేసరికి నా గొంతు చీలిపోయేది. ఆ వేసవితో పాట మాన్పించేద్దామనుకున్నారు.

ఒక మధ్యాహ్నం అన్నయ్య సాధన చేసి, ఊళ్లోకెళ్తూ వదిలేసిన శ్రుతిపెట్టె రెండున్నరలోనే ఉంది. మార్చకుండా పాడాను. గొంతు ఎక్కడా అడ్డుపడలేదు. అంత నిండుగా మోగేది నేనేనా అని ఒళ్లు జలదరించింది. అంతలో అమ్మ గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఎవుడ్రా అది, ఆడపిల్లున్న ఇంట్లో..." అంటూ గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. "ఒసే, నువ్వేటే! ఈ మగగొంతేటే?"

"ఇదే నా గొంతమ్మా."

"సాల్లే! ఇదింటే సంబంధమడిగిన నరసన్నపేటోళ్లు నిలబడతారేటే? పెట్టి అయిదుకి మార్సు."

జబ్బే లేని గొంతుకు ఇన్నేళ్లూ మందు మింగానని అప్పుడు తెలిసింది. పాశ్చాత్యులు ఇలాంటి ఆడగొంతును కాంట్రాల్టో అంటారని చాలా ఏళ్ల తర్వాత చదివాను.

"మార్చను. ఇకమీదట ఇందులోనే పాడతాను," అన్నాను.